పన్నెండు ప్రశంసాపత్రాలు: ఒక విశ్వవిద్యాలయ విభాగం తన పాతవాళ్లను గౌరవించిన తీరు

తిరుపతిలోని ఒక జీవశాస్త్ర విభాగం తన మాజీ ఉద్యోగుల్లో అయిదుగురిని, పట్టభద్రుల్లో ఏడుగురిని సన్మానించాలనుకుంది. కార్యక్రమం ఒక్క పూట. తయారీ నాలుగు నెలలు. విభాగం పేరూ వ్యక్తుల పేర్లూ ఇక్కడ అక్కర్లేదు. ఏ పని ఎలా జరిగింది, ఎక్కడ చిక్కుపడింది, ఎందుకు చిక్కుపడింది అన్నంతవరకే ఈ కథనం.

ఇలాంటి సభలకు కమిటీ వేశారంటే మొదటి సమావేశంలోనే ఫ్లెక్సీ, శాలువాలు, భోజనాల చర్చ మొదలవుతుంది. ఇక్కడ నాలుగు నెలల్లో మూడు నెలలు అర్హత, ఎంపిక, పేర్ల సరిచూపు, ప్రశంసాపత్రాల రాతకే పోయాయి. మిగతా పనులు చాలావరకు చివరి నెలలో పడ్డాయి. పంపకం అలా ఉండడమే మంచిదైంది, ఎందుకంటే శాలువా తక్కువ పడితే అరగంటలో తెప్పించవచ్చు. పేరు తప్పు పడిన ప్రశంసాపత్రం ఫ్రేము మాత్రం అందుకున్నాయన ఇంటి గోడ మీద ఏళ్ల తరబడి ఉంటుంది.

ముందు తేల్చాల్సింది: ఏ గౌరవం, ఎవరి చేతిలో

గౌరవ డాక్టరేట్ విభాగం చేతిలో లేదు. దానికి విశ్వవిద్యాలయ పాలక మండలి తీర్మానం కావాలి, కులపతి హోదాలో గవర్నర్ ఆమోదం కావాలి, ఇచ్చేది స్నాతకోత్సవంలో. రిటైరైన ఆచార్యులకు ఇచ్చే ఎమెరిటస్ హోదాకు నిబంధనలు వేరే. అది సన్మానం కాదు, ఒక రకం నియామకం. ఎండోమెంట్ ఉపన్యాసం, పేరు మీద పతకం అనేవి మూలధనంతో ముడిపడినవి. విభాగం సొంతంగా ఇవ్వగలిగింది ప్రశంసాపత్రం, జ్ఞాపిక, విభాగంలో ఒక పేరు పలక. అంతే. ఆహ్వాన పత్రికలో ‘విశ్వవిద్యాలయ విశిష్ట పురస్కారం’ అని వేయబోయి, రిజిస్ట్రార్ కార్యాలయం అడగకముందే ‘విభాగ గౌరవ పత్రం’ అని మార్చారు. పెద్ద పేరు పెడితే పెద్ద ఫైలు కదలాలి, పెద్ద సంతకాలు కావాలి.

పూర్వ విద్యార్థి అంటే ఎవరు?

చూడ్డానికి చిన్న ప్రశ్న. రాయలసీమలో మాత్రం దీనికి జవాబు చెప్పాలంటే చరిత్ర తిరగేయాలి.

తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం (ఎస్వీయూ) 1954లో పుట్టింది. మొదటి ఉపకులపతి ఎస్.గోవిందరాజులు నాయుడు. రాయలసీమ, నెల్లూరు ప్రాంతాల కాలేజీలు దశాబ్దాల పాటు దాని నీడలోనే ఉన్నాయి. తర్వాత ఒక్కొక్కటే విడిపోయాయి. అనంతపురంలో 1968లో పెట్టిన పీజీ సెంటర్ 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమైంది. కడప పీజీ సెంటర్ 2006లో యోగి వేమన విశ్వవిద్యాలయమైంది. కావలి పీజీ సెంటర్ 2008లో వచ్చిన విక్రమ సింహపురిలో కలిసింది. తిరుపతిలో 1960లో మొదలైన ఎస్వీ మెడికల్ కాలేజీ నుంచి తొలినాళ్లలో బయటికి వచ్చిన డాక్టర్ల పట్టా కూడా ఎస్వీయూదే. వైద్య విద్యకు విడిగా విశ్వవిద్యాలయం 1986లో గానీ రాలేదు.

అంటే 1975లో అనంతపురం పీజీ సెంటర్‌లో ఎమ్మెస్సీ చేసినాయన పట్టా మీద ఎస్వీయూ పేరే ఉంటుంది, కానీ ఆయన తిరుపతిలో ఒక్క క్లాసు కూడా విని ఉండకపోవచ్చు. ఇటు ఎస్వీ ఆర్ట్స్ కాలేజీ 1945 నుంచీ ఉంది. అక్కడ 1954కు ముందు డిగ్రీ చేసినవాళ్లు తిరుపతి వాళ్లే అయినా వాళ్ల పట్టా మీద ఉండేది వేరే విశ్వవిద్యాలయం పేరు. ఉద్యోగుల విషయంలోనూ ఇదే తంతు. తిరుమల తిరుపతి దేవస్థానం 1939లో స్థాపించిన ప్రాచ్య పరిశోధన సంస్థ 1956లో విశ్వవిద్యాలయానికి వచ్చింది. అంతకుముందు అక్కడ పనిచేసినవాళ్లు దేవస్థానం ఉద్యోగులు.

కమిటీ పెట్టుకున్న నియమాలు రెండు. పట్టభద్రులకు: పట్టా విశ్వవిద్యాలయానిదై ఉండాలి, కనీసం ఒక విద్యా సంవత్సరం ఈ విభాగంలో చదివి ఉండాలి. ఉద్యోగులకు: విభాగంలో అయిదేళ్ల సేవ. అది రెగ్యులర్ పోస్టు కానవసరం లేదు. టైమ్ స్కేలు, నామినల్ మస్టర్ రోల్ (ఎన్ఎంఆర్), దినకూలీ ఏదైనా లెక్కే. ఈ చివరి మాట చేర్చడానికి కొంత వాదన జరిగింది. చేర్చకపోయి ఉంటే అయిదుగురిలో ఇద్దరు ఉండేవారు కారు.

నామినేషన్లలో వాట్సాప్ పక్షపాతం

గూగుల్ ఫామ్ పెట్టి, లింకు బ్యాచ్ గ్రూపుల్లో వదిలారు. వచ్చినవి దాదాపు అన్నీ 1990ల తర్వాతి బ్యాచ్‌లవే. కారణం తెలిసిందే. గ్రూపు చురుగ్గా ఉన్న బ్యాచ్ తనవాణ్ని తాను ఎత్తుకుంటుంది, 1960లు, 70ల బ్యాచ్‌లకు గ్రూపే ఉండదు. వచ్చిన కుప్పలోంచే ఏరుకుంటే అది ఎంపిక అనిపించుకోదు.

దిద్దుబాటు మూడు వైపుల నుంచి జరిగింది. మొదటిది పెన్షన్ సెక్షన్. మాజీ ఉద్యోగుల్లో ఎవరు ఉన్నారు, ఎవరు లేరు అన్నది విశ్వవిద్యాలయంలో కచ్చితంగా తెలిసేది అక్కడే, ఏటా లైఫ్ సర్టిఫికెట్లు చేరేది ఆ టేబుల్ మీదికే కదా. ఫోన్ నంబర్లు ఇవ్వమని వాళ్లను అడగకూడదు, వాళ్లు ఇవ్వనూ కూడదు. విభాగం ఉత్తరాలు రాసి కవర్లు సీలు చేసి ఇస్తే, చిరునామాలు వాళ్లే రాసి పోస్టు చేశారు. రెండోది పరీక్షల విభాగంలోని పాత నామినల్ రోల్స్ (పరీక్ష రాసినవారి జాబితాలు), స్నాతకోత్సవ రిజిస్టర్లు. మూడోది లైబ్రరీలోని థీసిస్‌ల ముందు పేజీలు. ప్రతి థీసిస్‌లో కృతజ్ఞతల పేజీ ఉంటుంది. ఎవరి సాయంతో పని జరిగిందో ఆ కాలం మనిషి అదే కాలంలో రాసిన సాక్ష్యం అది. ఇరవై ముప్ఫై థీసిస్‌లు తిరగేస్తే మళ్లీ మళ్లీ కనిపించే పేర్లు కొన్ని తేలతాయి. వాటిలో సగం బోధనేతర సిబ్బందివి.

అన్నట్టు, వచ్చిన నామినేషన్లలో రెండు అప్పటికే కాలం చేసినవారివి. నామినేట్ చేసినవాళ్లకు ఆ సంగతి తెలియదు. అందుకే ఎంపికైనవారి ఇంటికి ఫోన్ చేసే ముందు ఊళ్లో తెలిసినవాళ్ల ద్వారా ఒకసారి విచారించుకోవాలి. ‘సార్ ఉన్నారా అండీ’ అని నేరుగా అడిగేసి, అవతల నుంచి వినాల్సిన మాట విన్నాక సర్దుకోవడం ఎవరికైనా కష్టం. మరణానంతర గౌరవమైతే కుటుంబం తరఫున ఎవరు తీసుకుంటారో రాతపూర్వకంగా ఒక్క పేరే తెప్పించుకోవాలి. లేకపోతే వేదిక దగ్గర ఇద్దరు కొడుకులు నిలబడతారు.

మార్కులు పనిచేయలేదు

ఎంపిక కమిటీలో అయిదుగురు: ఇప్పటి అధ్యాపకులిద్దరు, పూర్వ విద్యార్థులిద్దరు, వేరే విశ్వవిద్యాలయం నుంచి ఒకరు. విభాగాధిపతి కన్వీనర్, ఓటు లేదు. నామినేట్ చేసినవాళ్లు, బంధువులు, గైడు–శిష్య సంబంధం ఉన్నవాళ్లు ఆ పేరు చర్చకు వచ్చినప్పుడు గది బయట ఉండాలి. తిరుపతి లాంటి ఊళ్లో ఈ నియమం పెడితే ఒక్కో పేరుకు గది సగం ఖాళీ అవుతుంది. అయినా పెట్టాల్సిందే.

మొదట పదికి మార్కులు వేయించారు. అందరికీ ఎనిమిదో, ఎనిమిదిన్నరో వచ్చింది. పెద్దవాళ్లకు ఆరు వేయడానికి మనవాళ్లకు చెయ్యి రాదు. రెండో విడతలో మార్కులు తీసేసి ప్రతి పేరు పక్కన మూడు గళ్లు పెట్టారు: అవును, కాదు, ఆధారం చూపించాలి. మూడో గడిలో పడినవాటికి ఒక సభ్యుడు వారంలో ఆధారం తేవాలి. తేకపోతే ఆ పేరు వచ్చే ఏటికి. దీంతో జాబితా రెండు సమావేశాల్లో తేలింది.

పదవుల విషయం విడిగా చెప్పుకోవాలి. ఎస్వీయూ నుంచి ముఖ్యమంత్రుల స్థాయి దాకా వెళ్లినవాళ్లున్నారు. చంద్రబాబు నాయుడు అర్థశాస్త్రంలో ఎం.ఏ. చేసింది అక్కడే. విభాగం స్థాయి సన్మానానికి మాత్రం ప్రస్తుతం పదవిలో ఉన్నవారిని తీసుకోకూడదని కమిటీ నిర్ణయించింది. గౌరవం తక్కువై కాదు. పదవిలో ఉన్నవారు వస్తే ప్రోటోకాల్ వస్తుంది, కార్యక్రమం వేళ వాళ్ల కాన్వాయ్ వేళను బట్టి నడుస్తుంది, ఎనభై ఏళ్ల మాస్టారు రెండు గంటలు కుర్చీలో కూర్చోవాలి. పదవి దిగాక పిలవవచ్చు. అప్పుడు వాళ్లకూ తీరిక ఉంటుంది.

హెర్బేరియం సహాయకుడి ప్రశంసాపత్రం

అయిదుగురు మాజీ ఉద్యోగుల్లో ఒకరు హెర్బేరియంలో (ఎండబెట్టిన మొక్కల నమూనాలను కాగితపు షీట్లకు కుట్టి దాచే చోటు), ఫీల్డులో సహాయకుడిగా పనిచేసి రిటైరైనాయన. ‘చాలా కష్టపడ్డాడు’ అని అందరూ అన్నారు, కాగితం మీద ఆధారం మాత్రం లేదు. పరిశోధన పత్రాల్లో ఆయన పేరు ఉండదు. ఆధారం చివరికి హెర్బేరియం బీరువాల్లోనే దొరికింది. ప్రతి షీటుకూ కింద కుడి మూలన ఒక లేబుల్ ఉంటుంది: మొక్క శాస్త్రీయ నామం, కుటుంబం, సేకరించిన చోటు, తేదీ, సేకరణ సంఖ్య, సేకరించినవారి పేరు. తలకోన, మామండూరు, తిరుమల కొండదారి అని ఉన్న షీట్లు తీసి చూస్తే, సేకరించినవారి గడిలో ఆచార్యుడి పేరుతో పాటు చాలాచోట్ల ఈయన పొడి అక్షరాలు కూడా ఉన్నాయి. కొన్ని లేబుళ్ల మీద చేతిరాత కూడా ఆయనదే.

మొదటి చిత్తు ఇలా వచ్చింది: ‘విభాగాభివృద్ధికి అహర్నిశలు అవిరళ కృషి సల్పి, అందరి మన్ననలు పొందిన నిరాడంబర మూర్తి.’ ఈ వాక్యాన్ని ఏ అటెండర్‌కైనా, ఏ ఆచార్యుడికైనా, ఏ బ్యాంకు మేనేజర్‌కైనా తగిలించవచ్చు. తిరగరాశాక వచ్చింది ఇది: ‘శేషాచలం అడవుల్లో నమూనాలు సేకరించి, తడి కాగితం మార్చి మార్చి ఆరబెట్టి, షీట్లకు కుట్టి, లేబుళ్లు రాశారు. ఈ విభాగంలో కొత్తగా చేరే పరిశోధక విద్యార్థి మొదట తెరిచే బీరువాలు ఆయన సర్దినవి.’ ఎంపిక కమిటీలోని బయటి సభ్యుడు ఇది చదివి, మిగతా పదకొండింటినీ ఇదే కొలతతో రాయమన్నారు.

ఆ కొలత ఏమిటంటే: నూట ఇరవై పదాలు దాటకూడదు. వెళ్లి కళ్లతో చూడగల విషయం ఒక్కటైనా ఉండాలి: ఒక కోర్సు, ఒక పరికరం, ఒక నిఘంటువు, ఒక ఆసుపత్రి వార్డు. ‘ఎందరో శిష్యులను తీర్చిదిద్దిన’ అనే మాట నిషిద్ధం, కావాలంటే ఒక శిష్యుడు చేసిన పని చెప్పాలి. తెలుగు శాఖ నుంచి ఉపకులపతి పదవి దాకా వెళ్లిన జి.ఎన్.రెడ్డి లాంటి వారిని తలుచుకునేటప్పుడు పదవి కన్నా ముందు ఆయన నిఘంటువుల పని గుర్తుకు రావడం ఊరికే కాదు, అది చేత్తో పట్టుకుని చూపించగలిగేది.

ఇంకొకటి. చిత్తుల్లో ఆచార్యులకు ‘వారు’, సహాయకుడికి ‘అతను’ అని పడింది. రాసినవాళ్లు గమనించనేలేదు. పన్నెండింటిలోనూ ‘ఆయన’, ‘ఆమె’, పేరు చివర ‘గారు’ అని ఒకే తీరుకు తెచ్చారు.

పేర్లు

తప్పులు ఎక్కువ జరిగేది ఇక్కడే. మూడు రకాలు.

స్త్రీలు. 1970ల్లో ఎమ్మెస్సీ చేసినావిడ రికార్డుల్లో పుట్టింటి ఇంటిపేరుతో ఉంటారు, బయట అందరికీ తెలిసింది అత్తింటి పేరుతో. పేరు పట్టుకుని వెతికితే ఆమె దొరకరు, ‘మా రికార్డుల్లో లేరు’ అని పక్కన పెట్టేస్తారు. పాస్ అయిన ఏడాది, రోల్ నంబర్ పట్టుకుని వెతకాలి. ఏడుగురు పట్టభద్రుల్లో ముగ్గురు స్త్రీలు. ఆ ముగ్గురిలో ఇద్దరు మొదటి వెతుకులాటలో ‘లేరు’ అనే వచ్చారు. పత్రం మీద ఏ పేరు వేయాలో వాళ్లనే అడగాలి.

తమిళ కుటుంబాలవారు. చిత్తూరు జిల్లాలో ఇది మామూలే. ఇంటిపేరు ఉండదు, పొడి అక్షరం తండ్రి పేరుది. దాన్ని ఇంటిపేరనుకుని విడమరచి రాస్తే ఆయన పేరు స్థానంలో తండ్రి పేరు పడుతుంది. తిరుత్తణి తాలూకా 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది. అంతకుముందు అక్కడి నుంచి వచ్చి చదువుకున్నవాళ్ల రికార్డులో జిల్లా చిత్తూరు అనే ఉంటుంది, మనుషులు ఇప్పుడు చెన్నైలో ఉంటారు.

మూడోది అచ్చులో వచ్చే తప్పు. చిత్తులు ఫోన్‌లో, కంప్యూటర్‌లో యూనికోడ్‌లో టైప్ అవుతాయి. డీటీపీ వాళ్లు చాలామంది ఇంకా పేజ్‌మేకర్‌లో, యూనికోడ్ కాని అను ఫాంట్లతో పనిచేస్తారు. కన్వర్టర్‌లో వేసినప్పుడు వత్తులు చెదురుతాయి, పొల్లు తర్వాతి అక్షరం ముందుదానికి అతుక్కుంటుంది, అరుదైన సంయుక్తాక్షరాలు మాయమవుతాయి. మామూలు మాటలో తప్పు పడితే చదివే కన్ను పట్టుకుంటుంది. ఇంటిపేరులో పడితే పట్టుకోదు, ఎందుకంటే అదే అసలు పేరేమో అనిపిస్తుంది. అందుకని పేర్లను కన్వర్టర్‌లో వేయనివ్వకుండా డీటీపీ ఆపరేటర్ చేత నేరుగా టైప్ చేయించారు. ప్రూఫ్ పీడీఎఫ్‌ను రెండు వారాల ముందే సన్మాన గ్రహీతకు పంపి, ‘సరే’ అన్న జవాబు వచ్చాకే ప్రింటుకు ఇచ్చారు. ఒకాయన తన పీహెచ్‌డీ ఏడాది తప్పని చెప్పారు. రిజిస్టర్ చూస్తే ఆయనదే రైటు, చిత్తులో పడింది స్నాతకోత్సవం జరిగిన ఏడాది.

తేదీకి తిరుపతి లెక్క

వేరే ఊళ్లో అయితే హాలు ఖాళీ చూసుకుంటే చాలు. తిరుపతిలో తేదీ అంటే గదులు, దర్శనం. సెప్టెంబర్, అక్టోబర్‌లలో బ్రహ్మోత్సవాలు, డిసెంబర్ చివరా జనవరి మొదట్లో వైకుంఠ ఏకాదశి, మే నెలలో వేసవి సెలవుల రద్దీ, దానికి తోడు నలభై డిగ్రీలు దాటే ఎండ. నవంబర్‌లో ఈశాన్య రుతుపవనాలు: 2021 నవంబర్‌లో నగరం ఎలా మునిగిందో ఇక్కడివాళ్లెవరూ మరచిపోలేదు. మిగిలేవి ఫిబ్రవరి, మార్చి మొదటి సగం, ఆగస్టులో కొన్ని రోజులు. ఫిబ్రవరి తీసుకున్నారు.

బయటి ఊళ్ల నుంచి వచ్చే ప్రతి కుటుంబం దర్శనం కూడా చేసుకోవాలనుకుంటుంది. మూడు వందల రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం కోటా దాదాపు మూడు నెలల ముందే ఆన్‌లైన్‌లో విడుదలవుతుంది. కాబట్టి తేదీ నాలుగు నెలల ముందే చెప్పాలి. ఆలస్యమైతే వాళ్లకు టికెట్లు దొరకవు, సిఫార్సు లేఖల కోసం ఫోన్లు మొదలవుతాయి, కమిటీ పని ఆగిపోయి బ్రేక్ దర్శనాల పని మిగులుతుంది. ఆహ్వానంలోనే ఒక వాక్యం వేశారు: దర్శన ఏర్పాట్లు విభాగం చేయదు. మొరటుగా ఉందని కొందరన్నారు. ఆ వాక్యం లేని సభల నిర్వాహకులను అడిగితే తెలుస్తుంది.

వేదిక

ఒక్కొక్కరికి పట్టే వేళ లెక్కేస్తే: నూట ఇరవై పదాల పత్రం నింపాదిగా చదవడానికి నిమిషంన్నర, రావడం, శాలువా, జ్ఞాపిక, ఫోటోకు రెండు నిమిషాలు, ప్రతిస్పందనకు రెండు. మొత్తం అయిదున్నర. పన్నెండు మందికి అరవై ఆరు నిమిషాలు. ప్రార్థన, జ్యోతి ప్రజ్వలన, స్వాగతం, నివేదిక, ముఖ్య అతిథి, వందన సమర్పణకు కలిపి ముప్ఫై ఆరు. పదింటికి అని వేసి పది ఇరవైకి మొదలైనా పన్నెండు దాటగానే అయిపోవాలి. భోజనం వేళకు మాత్రలు, ఇన్సులిన్ తీసుకోవాల్సినవాళ్లు ముందు వరుసలోనే ఉంటారు మరి.

వేదిక ఎత్తు మూడున్నర అడుగులు. చక్రాల కుర్చీకి పన్నెండుకు ఒకటి వాలు కావాలంటే నలభై రెండు అడుగుల ర్యాంపు వేయాలి. హాల్లో అంత చోటు లేదు. చెక్క పలకలతో నిటారుగా ఏదో కట్టడం కన్నా కట్టకపోవడమే మేలు, పట్టు తప్పితే మనిషి వెనక్కి పడతాడు. అందుకని సన్మానమంతా కిందే, ముందు వరుస దగ్గరే జరిగింది. ఇచ్చేవాళ్లు దిగి వచ్చారు. ఒక్కరి కోసం దిగితే ఆయన అశక్తత అందరికీ కనబడుతుంది, పన్నెండు మందికీ దిగితే అదే పద్ధతి అనుకుంటారు. వరుస క్రమం హోదాను బట్టి కాదు, వయసును బట్టి. ఎనభై దాటినవాళ్లు మొదటి అరగంటలోనే. గజమాలలు లేవు. మెడ నొప్పి ఉన్న మనిషి మీద తడి పూల బరువు వేయడం మర్యాద అనిపించుకోదు.

చెదిరింది ఒక్కచోట. ముఖ్య అతిథికి ఇచ్చిన పావుగంట ముప్పావు గంటకు సాగింది. ఆపేవాళ్లు లేరు. అదృష్టం కొద్దీ ఆయన ప్రసంగం సన్మానాల తర్వాత పెట్టారు, కాబట్టి అలసినవాళ్లు నెమ్మదిగా భోజనాలకు లేవగలిగారు. ముందు పెట్టి ఉంటే పత్రాలు సగానికి కోసి చదవాల్సి వచ్చేది.

జ్ఞాపిక, డబ్బు

ఎర్రచందనం బొమ్మలు ఇద్దామని మొదటి ఆలోచన. శేషాచలం గుర్తు, అందంగా ఉంటుంది. వద్దనడానికి కారణం చట్టం. ఎర్రచందనం అంతర్జాతీయ వ్యాపార ఆంక్షలున్న జాబితాలో ఉంది, మన దేశం నుంచి ఎగుమతి మీద కూడా కట్టడి ఉంది. విదేశాల్లో స్థిరపడిన పూర్వ విద్యార్థి దాన్ని సూట్‌కేసులో పెట్టుకుని విమానాశ్రయానికి వెళితే సన్మానం కాస్తా విచారణ అవుతుంది. ఇత్తడి దీపపు సెమ్మెలు బరువు. చివరికి శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డ ముక్కలు, కలంతో గీసినవి. వీటిని హడావుడిగా చేయించడం కుదరదు. కరక్కాయ, పాలలో ముంచి ఆరబెట్టడం, ఒక్కో రంగుకు ఉతకడం, మళ్లీ ఆరబెట్టడం ఎండ మీద ఆధారపడిన పనులు. ఆర్డరు రెండు నెలల ముందు వెళ్లింది. ఫ్రేములు ఏ4 సైజులో, గాజు బదులు యాక్రిలిక్‌తో చేయించారు.

డబ్బు గురించి రెండు మాటలు. పేర్లు ఖరారై మినిట్స్ మీద సంతకాలు పడేదాకా విరాళాల ఖాతా తెరవలేదు. ముందే తెరిస్తే దాతల జాబితా, గ్రహీతల జాబితా ఒకటే అయ్యే ప్రమాదం ఉంది. విదేశాల నుంచి వచ్చే డబ్బుకు పౌరసత్వం అడగాలి. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసి బ్యాంకు ద్వారా పంపింది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నాయన పంపితే, ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే, విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద అనుమతి లేని సంఘం తీసుకోకూడదు. అలా వచ్చిన ఒక మొత్తాన్ని వెనక్కి పంపేశారు. పతకానికి శాశ్వత నిధి పెడతామన్నవాళ్లకు లెక్క వేసి చూపించారు: అయిదు లక్షలకు ఆరున్నర శాతం వడ్డీ అంటే ఏడాదికి ముప్ఫై రెండు వేల అయిదు వందలు. ఇవాళ్టి ధరలకు ఇది బంగారు పూత పతకానికే.

సభ అయ్యాక

వారం తిరక్కుండా రెండు ఉత్తరాలు వచ్చాయి. ఫలానా ఆచార్యుడి పేరు ఎందుకు లేదని ఒకటి, సహాయకుడికీ శాస్త్రవేత్తకూ ఒకే ఫ్రేమా అని ఇంకొకటి. రెండో దానికి జవాబు రాయలేదు. మొదటి దానికి రాశారు: నామినేషన్ మూడేళ్లు సజీవంగా ఉంటుంది, ఆధారాలు జతచేస్తే వచ్చే సమావేశంలో పెడతాం, కావలసిన కాగితాలు ఇవీ. ఆ జవాబు కింద కన్వీనర్ సంతకం ఒక్కటే ఉండాలి. సభ్యుల పేర్లు పడితే ఫోన్లు నేరుగా వాళ్ల ఇళ్లకు వెళతాయి.